నిలుపుట, నిలిచెననుకొనుట

బండిని నిలిపి దిగిపోవువానికి ఒక ధర్మము కలదు. తాను లేని వేళ ఆ బండి కదలకుండునట్లు చూచుట ఆ ధర్మము. వినుటకు ఇది స్వల్పవిషయముగ తోచును. ధర్మమును గూర్చి పెద్దలు వ్రాసిన గ్రంథములలో ఇట్టిదానికొక ప్రకరణము నెవ్వరును వెదకరు. కాని వాలున నిలిపిన బండికి దిగువ ఒక పసిబిడ్డ ఆడుకొనుచున్నదని తలచి చూడుడు. ఇది స్వల్పము కాదని ఆ క్షణముననే తెలియును.

ఇటీవలి చిన్న కార్లలో హ్యాండ్ బ్రేకు పిడి క్రమముగా కనుమరుగగుచున్నది. దాని స్థానమున వ్రేలితో లాగిన చాలునను చిన్న స్విచ్చి వచ్చినది. దానిని ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు అందురు. 2001లో బీఎండబ్ల్యూవారి పెద్ద కారులో ఒక విలాసముగ కనబడినది, నేడు మన దేశమున నాలుగు మీటర్ల పొడవు మించని కార్లలోనికిని దిగివచ్చినది. పిడి పోయి స్విచ్చి వచ్చినందున మనము చెప్పుకొనిన ధర్మము తేలికయైనదా, బరువెక్కినదా? ఈ ప్రశ్ననే మేమిచట విచారింపదలచితిమి.

రాజపాళయమునుండి తెన్‌కాశికి పోవు రహదారిపై సేత్తూరు కలదు. పడమట కొండలు గోడ కట్టినట్లు నిలిచియుండును. ఆ త్రోవయే శివగిరి, పుళియంగుడి, కడయనల్లూరు దాటి, తెన్‌కాశి, సెంగోటల మీదుగా ఆర్యంగావు కనుమనెక్కి కొల్లమునకు పోవును. ఇంట తెలుగును అంగడిలో తమిళమును మాటలాడు మన కుటుంబములకు ఈ దారి కొత్తది కాదు. తోటకును, దేవదానము గుడికిని, సారె కాలమున కుర్తాళము జలపాతమునకును పోవు కార్లలో స్విచ్చి బ్రేకు కలవి నేడు తక్కువ కావు. వెనుకటి కాలమున ఈ నేలపై ప్రత్తిబండ్లు నడచెడివి. బండివాడు వాలున ఆగవలసినచో ఎద్దులను విప్పుటకు ముందే చక్రము క్రింద రాయి పెట్టెడివాడు. పెట్టి, దానిని కాలితో ఒకమారు తన్ని చూచెడివాడు. ఆ తన్ని చూచుటలోనే మా విచారమంతయు నున్నది. రాయి పెట్టుట ఒక పని. రాయి నిలిచెనని తెలిసికొనుట మరియొక పని. బండివాడు రెంటిని విడదీసి ఎరుగడు.

హ్యాండ్ బ్రేకు పిడియు ఆ రాయికి తోబుట్టువే. పిడిని లాగునప్పుడు పళ్లు ఒక్కొక్కటిగ పట్టుకొను టకటక చప్పుడు చెవికి వినవచ్చును. తీగ బిగిసినకొలది చేతికి బరువు తెలియును. తీగ వదులైనచో పిడి సునాయాసముగ పైకి వచ్చును, అదియే హెచ్చరిక. చేసిన చేయియే ఫలమునుగూడ తెలిసికొనుచుండెను. స్విచ్చి అట్లు కాదు. బ్రేకు పడినను పడకున్నను అది వ్రేలికి ఒక్కటే తీరున తగులును. మనము స్విచ్చికి తెలుపునది మన కోరిక మాత్రమే. ఆ కోరిక నెరవేరెనో లేదో మరియొకరు మనకు చెప్పవలసియున్నది.

ఆ మరియొకరెవ్వరు? లోపల జరుగునది కొంత చూతము. స్విచ్చి లాగగనే చిన్న కంప్యూటరునకు వార్త పోవును. అది వెనుక చక్రములకడనున్న మోటార్లకు కరెంటు నిచ్చును. మోటారు తిరిగి, గేర్ల మూలమున ఒక మరను త్రిప్పి, బ్రేకు ప్యాడులను పళ్లెమునకు గట్టిగా అదుమును. ఈ మర మిక్కిలి తెలివిగ చేయబడినది. ఒకమారు బిగిసిన పిమ్మట కరెంటు ఆగిపోయినను తనంత తాను వెనుకకు తిరుగదు. కావుననే రాత్రియంతయు బండి నిలిచియున్నను బ్రేకునకై బ్యాటరీ ఖర్చు కాదు. అందులకే, బ్యాటరీ పూర్తిగ చచ్చినచో బిగిసినది విడుటయును లేదు. అట్టి కారు సేత్తూరు అంగడి వీధిలో నిలిచిపోయినచో నలుగురు కూడి త్రోసినను కదలదు. మరియొక బ్యాటరీనుండి కరెంటు తెచ్చి ఇచ్చువరకు వెనుకవారు హారన్లు మ్రోగించుచుండవలసినదే. ఇది కష్టమే గాని పాపము కాదు. నిలువవలసినది నిలువకుండుటయే అసలు ప్రశ్న.

దానికొక నిజమైన ఉదాహరణము కలదు. అమెరికాకు చదువులకు పోయిన మన పిల్లలకు హోండావారి సివిక్ సుపరిచితమైన చిన్న కారు. 2016వ సంవత్సరపు నమూనా సివిక్కులను సుమారు 3,50,000 ఆ సంస్థవారు అదే సంవత్సరము అక్టోబరున మరమ్మతునకై వెనుకకు పిలిపించిరి. లోపమేమన, ఇంజను ఆపిన వెంటనే స్విచ్చి లాగినచో బ్రేకు పడకపోవచ్చును. ఏ ఇనుప ముక్కయు విరుగలేదు, ఏ తీగయు తెగలేదు. కంప్యూటరునకిచ్చిన సూచనలలోనే పొరపాటున్నది. ఆ సూచనలను మార్చుటయే మరమ్మతు. బ్రేకు సరిగా లేనప్పుడు డాష్‌బోర్డుపై హెచ్చరిక దీపము వెలుగు ఏర్పాటు మాత్రము అందు కలదు.

ఇంజను ఆపి, స్విచ్చి లాగి, నమ్మికతో దిగిపోయినవాడు దోషియా?

మన ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున ప్రమాణములను నాలుగుగ చెప్పెను. వానిలో ఉపమానముతో మనకిచట పనిలేదు. తక్కిన మూడును ఈ చిన్న కారులో కూర్చుండియున్నవి. పిడిని లాగిన చేతికి కలుగు జ్ఞానము ప్రత్యక్షము. స్విచ్చి లాగిన పిమ్మట వెనుకనుండి వినవచ్చు మోటారు మూలుగునుబట్టి బ్రేకు పడియుండునని తలచుట అనుమానము. డాష్‌బోర్డుపై దీపము చెప్పినదానిని నమ్ముట శబ్దప్రమాణము వంటిది. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పువాడే ఆప్తుడని, అట్టివాని మాటయే ప్రమాణమని తార్కికుల మతము. దీపము ఆప్తుడగునా? పైన చెప్పిన కారులో బ్రేకు తప్పినను దీపము సత్యమునే పలుకునట్లుండెను. కాని ఆప్తుడు పలికినంత మాత్రమున చాలదు, వినువాడుండవలయును. ఇంజను ఆపిన మనుష్యుని ముఖము అప్పటికే తలుపు వైపునకు తిరిగియుండును. చేతికి తెలియుచుండిన జ్ఞానమును తీసివేసి, కన్ను మరలిన వేళ దీపము వెలిగించి, నేను చెప్పితినిగదా యనుట న్యాయము కాదని మా అభిప్రాయము. దోషమున పెద్ద పాలు యంత్రమును చేసినవానిదే.

అట్లని దిగిపోయినవాని పాలు శూన్యము కాదు. తలుపు గడియ పెట్టుమని పనివానితో చెప్పి పండుకొనిన గృహస్థునకు, గడియ పడినదో లేదో చూచు బాధ్యత తప్పునా? పనివాడు నమ్మకస్థుడైనకొలది గృహస్థు లేచి చూచుట మానును. నూరు దినములు సరిగా పడిన గడియయే నూటొకటవ దినమున అతనిని నిద్రపుచ్చును. మన చట్టమును ఈ విషయమున మెత్తగ లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 126వ సెక్షను ప్రకారము, లైసెన్సు కలవాడు సీటులో లేనప్పుడు బహిరంగ స్థలమున బండి నిలిపియుంచవలెనన్నచో, ఇంజను ఆపి బ్రేకు వేసియైనను, లేక వేరు ఉపాయముచేతనైనను, అది పొరపాటున కదలకుండునట్లు చేయవలయును. చట్టము బ్రేకు వేయుమనెను గాని వేయగోరుమని అనలేదు. వేరు ఉపాయము అనుచోట బండివాని రాయికిని చోటున్నది.

స్విచ్చి బ్రేకును మేము నిందించుచున్నామని ఎవ్వరును తలపరాదు. కీళ్లనొప్పులు గల ముసలివారును, బలము చాలని చేతులవారును పిడిని సగము లాగి విడిచిపోవుట మనకు తెలియనిది కాదు. మోటారునకు కీళ్లనొప్పులు లేవు. మరియొక గుణము కూడ కలదు. ఆర్యంగావు కనుమ దిగివచ్చిన కారు బ్రేకు పళ్లెములు కాగియుండును. వెంటనే వాలున నిలిపినచో అవి చల్లారి కుంచించుకొనుటచే పట్టు కొంత సడలును. పిడి బ్రేకు దీనినెరుగదు. స్విచ్చి బ్రేకు గల కార్లలో కొన్ని కొలది నిమిషముల పిమ్మట తమంత తామే మరల బిగించును. ఇంత శ్రద్ధగల సేవకుని ఇంటినుండి వెళ్లగొట్టుమనుట అవివేకము. సేవకుని పని చూచుకొనుడని మాత్రమే మేమనుచున్నాము. పాదపు బ్రేకు నొక్కియుండగనే స్విచ్చి లాగి, దీపమును చూచి, పాదమును మెల్లగ ఎత్తి, బండి ఒరగునేమో కనిపెట్టి, గేరులో నుంచి, ఆ పిమ్మట ఇంజను ఆపి దిగుటకు పట్టుకాలము వక్కాకు నోట వేసికొనుటకు పట్టునంత. బండివాడు రాయిని తన్ని చూచుటకును అంతే పట్టెడిది.

ఇక బాగుచేయువాని మాట మిగిలినది. ఇందులో మాకు ఎక్కువ దిగులు కలదు. పిడి తీగ వదులైనచో రహదారి ప్రక్క షెడ్డులోని మెకానిక్కు స్పానరుతో దానిని బిగించి పంపెడివాడు. ఈ బ్రేకునకు ప్యాడులు మార్చవలెనన్నను, ముందుగా మోటారు మూలముననే మరను వెనుకకు రప్పించి, మరమ్మతు స్థితిలో నుంచవలయును. అది ఎరుగక బలాత్కారముగ అదిమినచో లోపలి గేర్లు చెడును. అందులకు కంప్యూటరుతో మాటలాడు పరికరము కావలెననియు, అది పెద్ద ఊరి కంపెనీ షెడ్డులోనే దొరకుననియు చెప్పుచుందురు. చేతిపని తెలిసి, మంచి మనసు గల మెకానిక్కు ఇట్లు తాను చేయని లోపమునకు కారణమగుచున్నాడు. అతనిని తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. జ్ఞానమును దాచుకొనినవాడు, ఆ జ్ఞానము లేనందున కలిగిన నష్టములో పాలివాడే యగును. కొన్ని కార్లలో ఏ పరికరమును లేకయే, పాదపు బ్రేకును స్విచ్చిని ఒక క్రమమున నొక్కుటచే మరమ్మతు స్థితి కలుగును. ఆ క్రమము ఒక పుటకు మించదు. కారుతో వచ్చు పుస్తకమున దానిని, తమిళములోను తెలుగులోను, మెకానిక్కు చదువదగిన అక్షరములలో అచ్చువేయుటకు కంపెనీలకు కాగితపు ఖర్చు తప్ప వేరు ఖర్చు లేదు.