పాళెములో సంచరించు దేవుడు
వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 23:12-14



ఇశ్రాయేలీయులు యుద్ధమునకు వెళ్లి పాళెములో దిగినప్పుడు దేవుడు వారికి ఒక చిన్న సంగతి నేర్పాడు. ఆయుధములతో పాటు త్రవ్వుటకు ఒక గసిక ఉంచుకోవాలి. పాళెము వెలుపలికి వెళ్లి, గుంట త్రవ్వి, మలమును కప్పివేయాలి. ఎందుకు? దేవుడు ఆ పాళెములో సంచరిస్తున్నాడు గనుక. పరిశుద్ధతను గూర్చిన పాఠం మరుగుదొడ్డి దగ్గర మొదలైంది!

మన తెలుగు బాప్టిస్టులకు కూడ ఒక పాళెము ఉన్నది. 1876-78 మహా క్షామంలో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలిగొన్న వేలాది మందికి పని కల్పించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన పిల్లలకు కూడ కంఠస్థమే. అయితే ఆ పనివారి పాళెములో కలరా చెలరేగిన సంగతి ఎందరికి జ్ఞాపకం? షోళింగనల్లూరులో మన ఇళ్లకు తూర్పుగా పారేది ఆ కాలువే.

కలరా గాలి వలన గాని, శాపం వలన గాని రాదు. రోగి మలములోని క్రిమి నీటిలోనో, అన్నములోనో, కడుగని చేతుల మీదనో మరియొకరి నోటికి చేరుతుంది. లండనులో జాన్ స్నో 1854లోనే దీనిని నీటి బావి దగ్గర చూపించాడు. రాబర్ట్ కోక్ 1884లో కలకత్తాలో ఆ క్రిమిని స్థిరపరచాడు. ఏ బాధా కనబడని మనిషి కూడ దానిని మోయగలడు. కాబట్టి "నాకేమీ లేదు" అనుట చాలదు.

మనము చేయవలసినవి మూడు.

మొదటిది, నీరు. 2015, 2023 డిసెంబరులలో వలె వరద నీరు సంపులో కలిస్తే, దానిని కడిగించి క్లోరిను వేయించాలి. త్రాగే నీరు తెర్లేలా మరిగించాలి.

రెండవది, చేతులు. దొడ్డికి వెళ్లిన తరువాత, వంటకు ముందు, భోజనానికి ముందు సబ్బుతో కడగాలి. విరేచనాలైనవారు అవి ఆగి రెండు రోజులు గడిచేవరకు ప్రేమవిందులో వండవద్దు, వడ్డించవద్దు. అది అవిశ్వాసం కాదు, పొరుగువానిపట్ల ప్రేమ.

మూడవది, రోగి. 1971లో బొంగావ్ శరణార్థుల పాళెములో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటితో అనేకుల ప్రాణాలు నిలిపారు. ఇంటిలో ఓఆర్‌ఎస్ పొట్లం లేకుంటే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి వేసి కలిపి త్రాగిస్తూనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. రోగిని ముట్టుటకు భయపడకండి. ముట్టిన తరువాత చేతులు కడుగుట మరువకండి.

ఇక్కడ మేడలు కట్టుటకు మన జిల్లాల నుండి వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్నవారున్నారు. వారికి మంచి నీరు, మరుగుదొడ్డి ఉన్నవా? కాలువ త్రవ్వినవారి సంతానమైన మనమే వెళ్లి అడగాలి, లేకుంటే మేస్త్రీతో, వార్డు కార్యాలయంతో మాట్లాడాలి. దేవుడు ఆ షెడ్ల మధ్య కూడ సంచరిస్తున్నాడు.

అట్టి మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.