టీ తాగకముందే

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో ఒక కుర్రాడికి జలుబు, దగ్గు పట్టుకుంటే గదిలో అందరికీ అంటుకుంటుంది. నాలుగు రోజుల్లో తేరుకుని మళ్లీ కోచింగ్‌కి పోతారు. అదే వైరస్ పండక్కి ఊరెళ్లినప్పుడు నాన్నకు సోకితే కథ వేరు. 2020లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు కోవిడ్ కేసులపై ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి: మరణాలు ఎక్కువగా 50–64 ఏళ్లవారివే. పోయినవారిలో 60 శాతానికి పైగా ముందే ఏదో ఒక జబ్బున్నవాళ్లు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది షుగరు, ఆ తర్వాత బీపీ.

ఏ జబ్బూ లేనివాళ్లూ పోయారు కదా అంటారు. నిజమే. కానీ మన దగ్గర షుగరుండీ తెలియనివాళ్లు కోకొల్లలు; “లేదు” అంటే చాలాసార్లు పరీక్ష చేయించుకోలేదనే. వయసును తగ్గించుకోలేం, షుగరును అదుపులో పెట్టుకోగలం. ఆయాసంతో పంజాగుట్ట నిమ్స్‌కు పరుగెత్తే రోజున ఆ పని కుదరదు. యాభై దాటి, ఇంకా టీ తాగనివాళ్లుంటే, పరగడుపు రక్తపరీక్షకు ఇదే వేళ.