శాసనసభలో చిహ్నధారణము

పాలస్తీనీయులు తరతరములుగా ధరించు కెఫియా యను గళ్ల వస్త్రము ఇప్పుడు రాజకీయాభిప్రాయ ప్రకటనకై వినియోగింపబడుచున్నదని నిర్ణయించి, 2024లో కెనడా దేశమందలి ఒంటారియో శాసనసభాధ్యక్షుడు టెడ్ ఆర్నట్ దానిని సభాభవనమున నిషేధించెను. ఆ రాష్ట్ర ప్రీమియరు డగ్ ఫోర్డును, ప్రతిపక్ష నాయకులును ఈ నిషేధము వలదనినను, దానిని తొలగించుటకు సభ యేకగ్రీవముగా సమ్మతింపవలసి యుండుటచే, కొందరు కాదనగనే ఆ యత్నము విఫలమయ్యెను. హామిల్టన్ ప్రతినిధి సారా జామా ఆ వస్త్రముతోనే సభలో గూర్చుండగా, అధ్యక్షుడామెను వెడలిపొమ్మని యాజ్ఞాపించెను.

ఇది కేవలము సభామర్యాదకు సంబంధించిన విషయము కాదు. దేహముపైనున్న గుర్తును బట్టి మనస్సులోని యభిప్రాయమును నిర్ణయించుట యనుమానమే గనుక, అనుమానమునకు మన నైయాయికులు విధించిన కట్టుబాట్లు ఇచ్చటను చెల్లవలయును. పొగను జూచి నిప్పు నూహింపవలెనన్న, పొగ యున్న తావులనెల్ల నిప్పుండునను వ్యాప్తి ముందుగా సిద్ధమై యుండవలెను. పార్టీ గుర్తు ముద్రించిన కండువాకుగాని, నినాదము వ్రాసిన చొక్కాకుగాని పక్షప్రకటనము దక్క వేరు ప్రయోజనము లేదు. అందు వ్యాప్తి నిశ్చితము. కెఫియా యన్ననో, ఎండకును ధూళికిని అడ్డముగా రైతులు తలకు జుట్టుకొనిన వస్త్రము. 1936లో బ్రిటిషు పాలనపై జరిగిన తిరుగుబాటునాటి నుండి దానికి రాజకీయార్థము గూడ తోడయ్యెననుట సత్యమే. కాని యొక యర్థము తోడైనంతమాత్రమున తక్కిన యర్థములు నశింపవు. అట్టిచోట హేతువు అనైకాంతికము, అనగా ఒక్క నిర్ణయమునకే కట్టుబడనిది. సందేహము మిగిలినప్పుడు ధరించినవారి పక్షముననే నిర్ణయము జరుగవలెనని నా దృఢవిశ్వాసము.

సభ్యులు బ్యాడ్జీలను ధరింపరాదని మన లోకసభ 349వ నియమము శాసించుచున్నది. ఆ నియమమును నేను మనఃపూర్వకముగా సమర్థింతును. ఎదుటివాని వాదము విని మనసు మార్చుకొనుట సాధ్యమేయను నమ్మకముపైననే శాసనసభ యను వ్యవస్థ నిలిచియున్నది. తన తీర్పును రొమ్మునకు దగిలించుకొని వచ్చినవాడు, చర్చ యారంభము గాకమునుపే దానిని ముగించినవాడగుచున్నాడు. పసుపు, గులాబి కండువాలు మన తెలుగు సభలలో వరుసలు దీరినప్పుడెల్ల నాకు గలిగిన బాధ యిదియే.

అయినను, నిషేధించువారు తమ కంటికి నిర్దోషముగా దోచు వేషమును గూడ పరీక్షించుకొనవలెను. గెలిచిన చిహ్నము చిహ్నమని తోపదు. గెలువనిదే రాజకీయమని తోచును. గాంధీ టోపీ పెట్టుకొనినందుకు లాఠీదెబ్బలు తిన్నవారు మన పల్లెలలో నెందరో యుండిరి. రాట్నముపై వడికిన నూలు సామ్రాజ్యమునకు ప్రతివాదమై నిలిచినది. అట్టి ఖద్దరుతోనే 1937లో కాంగ్రెసువారు మదరాసు శాసనసభ కేగిరి. రాజాజీ ప్రభుత్వమున ప్రకాశం పంతులుగారు రెవెన్యూ మంత్రి. అధ్యక్షపీఠమున బులుసు సాంబమూర్తిగారు. రాజకీయార్థము గల వస్త్రమెల్ల వర్జ్యమన్న సూత్రమే యానాడు అమలులో నుండినయెడల, సభనుండి మొదట వెడలవలసినవారు ఆ పీఠమున గూర్చున్న సాంబమూర్తిగారే.