ప్రహేళికలోని వంచన

హుగ్లీ నదికి పడమటి యొడ్డున, హౌరాలోని షాలిమార్ స్టేషనులో, హైదరాబాదు బండి కొరకు వేచియున్న ప్రయాణికుడొకడు గళ్ళ నుడికట్టును ముందు వేసికొని కూర్చుండెననుకొందము. అందొక ఆధారము: “స్వప్నమును వెన్నంటి దేవుడిచ్చినది వచ్చినను, మిగిలినది అశాంతియే.” గళ్ళు ఐదు. అతనికి మొదట కనబడునది యొక విషాదగాథ. ఎవరికో కల వచ్చినది, ఏదో లభించినది, అయినను సుఖము లేదు. ఆ కథలో తిరుగునంతసేపు ఒక్క గడియు నిండదు. తుదకు కథను విడిచి మాటలను పట్టుకొనును. స్వప్నమనగా కల, దేవుడిచ్చినది వరము. రెండును కలిసిన కలవరము. అశాంతి యనగా నదియే! అతడు తనలో తాను నవ్వుకొనును.

ఈ నవ్వు విచారింపదగినది. తూకములో మోసగించిన వర్తకుని చూచి యెవడును నవ్వడు. మరి ఇన్ని నిమిషములు తన్ను త్రోవ తప్పించిన కూర్పరి యెడల ఇతనికి కోపమేల రాలేదు? వర్తకుడు సరకును దాచును. కూర్పరి దేనిని దాచలేదు. కావలసినదంతయు కన్నుల యెదుటనే యున్నది. వాక్యమును చూడగానే కథగా చదువు అలవాటు చదువరిది. అతనిని మోసగించినది ఆ యలవాటే.

1913లో న్యూయార్కు పత్రికలో ఆర్థర్ విన్ తొలి నుడికట్టును ప్రకటించినపుడు ఆధారములు సూటిగనే యుండెను. వానికి వక్రత నిచ్చినవారు ఆంగ్లేయులు. వారిలో అఫ్రిట్ అను కూర్పరి 1949లో ఒక నియమము చెప్పెను: చదువరి పొరబడునట్లు వ్రాయవచ్చును గాని, అక్షరార్థమున ఆధారము జవాబునకు న్యాయము చేయవలెను. మన దండి ఇంతకు శతాబ్దముల ముందే కావ్యాదర్శమున పదునారు ప్రహేళికలను వివరించి, దుష్టప్రహేళికలను వేరుగా నెన్నెను. గోష్ఠీవినోదమునకు, జనసమూహమున రహస్యభాషణమునకు, ఇతరులను భ్రమింపజేయుటకు అవి యుపయోగించునని అతని మతము. భామహుడు మాత్రము వ్యాఖ్యానము లేక తెలియని కావ్యము పండితులకే పండుగయని యాక్షేపించెను. ఆ యాక్షేపణ కావ్యమునకు తగును. ప్రహేళిక యెన్నడును తాను సుబోధమని చెప్పుకొనలేదు. (స్టేషనులో వినవచ్చు వంగభాషలో పొడుపుకథకు పేరైన ‘హెఁయాలి’ ప్రహేళికా శబ్దభవమే.)

శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలను, ఆరుద్ర గళ్ళ నుడికట్టులను కూర్చి తెలుగువారికీ రుచి మప్పిరి. తెలుగున గడికొక యక్షరము, గుణింతముతో, ఒత్తుతో సహా. కావున ఇచట న్యాయము మరింత సూక్ష్మము. షాలిమార్ అను పేరునే చూడుడు. వరిని శాలి యందురు గదా యని, కూర్పరి యొకడు ఈ స్టేషను పేరులో ధాన్యమును దాచ నుంకించెననుకొందము. శాలిలోనిది తాలవ్యము, పేరులోనిది మూర్ధన్యము. వినువాడు గమనింపకపోవచ్చును, చదువరులలో సగము మంది క్షమింపవచ్చును. అయినను మంచి కూర్పరి ఆ యాధారమును చింపివేయును. ఎవరును పట్టుకొనరని తెలిసియు చింపివేయును.

చదువరికిని ఇట్టి పరీక్షయే కలదు. జవాబులు పత్రికలో వేరొక పుటను తలక్రిందులుగా అచ్చుపడి యుండును. చూచినచో నష్టపోవు వారెవ్వరును లేరు. అయినను మన ప్రయాణికుడు, రెండు గళ్ళు ఖాళీగా నుండగనే బండి వచ్చుటచే, ఆ పుటను లోపలికి మడచి, పెన్సిలును అందులోనే యుంచి, పెట్టె నెత్తుకొనెను.