ఓటు ట్రైబ్‌ది, మాట ఎవరిది?

జర్మనీలో 2003లో మొదలైన ‘ట్రైబల్ వార్స్’ ఆటలో ఊరు గెలవాలంటే సైన్యం ఒక్కటే చాలదు. కాపలా బలగాన్ని తుడిచిపెట్టాక ‘నోబుల్‌మన్’ను పంపాలి. అతడు వచ్చిపడ్డ ప్రతిసారీ ఆ ఊరి విధేయత 100 నుంచి 20–35 పాయింట్ల చొప్పున తగ్గుతుంది. సున్నాకు దిగితే ఊరు చేతులు మారుతుంది. అందుకే నాలుగైదు దాడులు క్షణాల తేడాతో దిగేలా గడియారం చూసుకుని పంపుతారు. ఆ క్షణాల సందులోనే మిత్రుడి బలగం వచ్చి చేరేలా రక్షించేవాళ్లు లెక్క వేసుకుంటారు. అయితే సాయానికి పంపిన బలగాన్ని పంపినవాడు ఎప్పుడైనా వెనక్కి పిలిపించుకోవచ్చు. ఆటలో నిజమైన ఉత్కంఠ అక్కడే ఉంది.

హైదరాబాద్ టోలిచౌకిలో ఉంటూ ఈ ఆట ఆడే ఒక ఇంజినీరింగ్ విద్యార్థినికి ఇలాంటి చిక్కే వచ్చింది. పొరుగు ట్రైబ్‌తో, అంటే ఆటగాళ్ల కూటమితో, ఎన్‌ఏపీ, అంటే పరస్పరం దాడి చేసుకోకూడదన్న ఒప్పందం, తన ట్రైబ్ తరఫున దౌత్యం చూస్తూ కుదిర్చింది తనే. ఇప్పుడు సొంత ట్రైబ్ ఓటు పెట్టి, చెప్పాపెట్టకుండా దాన్ని తెంచేద్దామంటోంది. ఆమె మేనమామ చరిత్ర లెక్చరరుగా రిటైరయ్యారు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఇద్దరూ నడుస్తూ వాదించుకున్నారు.

ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి ముందు మేనమామ ఆగారు. దక్షిణం వైపు గోడకు ఒకప్పటి రంగు పలకల ముక్కలు అక్కడక్కడా ఇంకా అంటుకునే ఉన్నాయి.

“1543లో అన్న జంషీద్ గద్దెనెక్కితే ఈయన విజయనగరానికి పారిపోయాడు. అక్కడ అధికారం నడిపే అళియ రామరాయలు జాగీరిచ్చి ఏడేళ్లు కాపాడాడు. 1550లో తిరిగొచ్చి గోల్కొండ సుల్తానయ్యాడు. 1565 జనవరిలో బీజాపూర్, అహ్మద్‌నగర్, బీదర్‌లతో కలిసి అదే రామరాయల మీదికి వెళ్లాడు. ఆ యుద్ధంలోనే రామరాయల తల తెగింది. దీన్నేమంటావు?”

“ద్రోహమని వెంటనే అనలేను మావయ్యా. ఉప్పు తిన్నది ఇబ్రహీం. యుద్ధానికి వెళ్లింది గోల్కొండ. రామరాయలు ఒకసారి ఒక సుల్తానుతో, ఇంకోసారి ఇంకొకరితో చేరి అందరినీ బలహీనపరిచాడని నువ్వే చెప్పావు. పానగల్లు, ఘనపురం లాంటి కోటలు గోల్కొండ నుంచీ లాక్కున్నాడు. రాజు సొంత రుణం తీర్చుకోవడానికి రాజ్యాన్ని తాకట్టు పెట్టొచ్చా?”

“బాగుంది. మాట తప్పిన ప్రతి రాజూ రాజ్యం పేరే చెబుతాడు. అప్పుడిక ఆ మాటకి జవాబుదారీ ఎవరు?”

ఆమె కాసేపు మాట్లాడలేదు. “నా చిక్కూ అదే. పొరుగువాడు మా ట్రైబ్‌ను నమ్మలేదు, నన్ను నమ్మాడు. నమ్మి, మా వైపు ఊళ్లలో బలగం తగ్గించుకున్నాడు. ఓటేసేది వాళ్లు. వాడు ఊళ్లు పోగొట్టుకుంటే తలుచుకునేది నా పేరు.”

మేనమామ రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ సంగతి ఎత్తారు. ఈ అమెరికా రాజనీతి శాస్త్రవేత్త, ప్రతిసారీ సహకరించాలో మోసం చేయాలో తేల్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య పోటీలు పెట్టి, ఆ ఫలితాలతో 1984లో పుస్తకం రాశారు. మొదటి పోటీకి 14 ప్రోగ్రాములు వచ్చాయి, రెండోదానికి 62. రెండుసార్లూ గెలిచింది అనటోల్ రపోపోర్ట్ పంపిన చిన్న ప్రోగ్రామే. ముందు సహకరించడం, ఆపైన ఎదుటివాడు చేసిందే తిరిగి చేయడం, అంతే దాని పని.

“కానీ ఇది పనిచేయాలంటే మళ్లీ ఎదురుపడతామన్న ఎరుక ఇద్దరికీ ఉండాలి. ఆట ఫలానా చోట ముగుస్తుందని తెలిస్తే, చివర్లో మోసం చేసినవాడిదే లాభం. మీ ఆటకీ ముగింపు ఉందిగా?”

“ఒక ప్రపంచం ముగిస్తే అందులో ఊళ్లన్నీ పోతాయి. కొత్తది తెరిస్తే మళ్లీ వచ్చేవాళ్లలో చాలామంది పాతవాళ్లే. ఎవరు ఎవరికి పంపిన సాయాన్ని ఏ క్షణంలో వెనక్కి లాగారో ఎవరూ మర్చిపోరు.”

“సుల్తానుల పొత్తూ గెలిచాక నిలవలేదు. ఉమ్మడి శత్రువు పడిపోగానే మళ్లీ వాళ్లలో వాళ్లే కొట్టుకున్నారు.”

“అయితే ఆ పొత్తంతా డొల్లేనా?”

“అదీ కాదు. పొత్తు కుదిరినప్పుడు అహ్మద్‌నగర్ సుల్తాను హుసేన్ నిజాంషా కూతురు చాంద్ బీబీని బీజాపూర్ సుల్తాను అలీ ఆదిల్‌షాకిచ్చారు. షోలాపూర్ కోటను కట్నంగా పెట్టారు. మూడు దశాబ్దాల తర్వాత, 1595–96లో, అక్బర్ కొడుకు మురాద్ అహ్మద్‌నగర్‌ను ముట్టడిస్తే కోటను నిలబెట్టింది ఆవిడే. 1597లో సోన్‌పేట దగ్గర మొఘలులతో పోరాడినవాళ్లలో బీజాపూర్, గోల్కొండ సైన్యాలూ ఉన్నాయి. అప్పటికి గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ.”

మేనకోడలికి కావలసిన ఆధారం ఇక్కడ దొరికింది. రామరాయల మీద కట్టిన పొత్తు రామరాయలతోనే తీరిపోయింది. కానీ చాంద్ బీబీ అటు పుట్టిల్లు, ఇటు మెట్టినిల్లు అయిన రెండు రాజ్యాలకూ మనిషి. శత్రువు పోయినా ఆమె మిగిలింది. ఒప్పందం మీద ముద్ర రాజ్యానిదే అయినా, దాన్ని మోసేందుకు పేరున్న మనిషి ఒకరుండాలన్నది ఆ అమ్మాయి వాదన. తెర మీద ఊళ్లు ఉత్తి అంకెలే కావచ్చు. ఆ అంకెల వెనుక ఒక మనిషి ఇంకో మనిషిని నమ్మి కాపలా తగ్గించుకున్నాడు. దాన్ని ఆటే కదా అని కొట్టిపారేయడానికి వీల్లేదు.

“ఓటును నేను ఆపను,” అందామె. “కానీ 48 గంటల గడువిస్తున్నామని ఒప్పందం చేసుకున్న నేనే వాడికి రాస్తాను. ట్రైబ్ వద్దంటే దౌత్యం పని వదిలేసి ఆ తర్వాత రాస్తాను. రాయబోతున్నట్టు మావాళ్లకి ముందే చెబుతాను.”

“గడువిస్తే ద్రోహం కాకుండా పోతుందా?”

“పోదేమో. కానీ వాడి బలగం సరిహద్దుకి తిరిగొచ్చే వ్యవధి ఉంటుంది.”

“ఆ బలగం చేతిలో ఓడిపోయేది మీవాళ్లేగా. నిన్ను నమ్మి వాళ్లూ ఆ పని అప్పగించారు. వాళ్లకేం చెబుతావు?”

సమాధుల తోట దాటి టోలిచౌకి రోడ్డెక్కేదాకా ఆ ప్రశ్న మీదే వాదన సాగింది. ట్రైబ్‌కు రాయాల్సిన సందేశంలో మొదటి రెండు వాక్యాలు మాత్రం ఆమె దారిలోనే ఫోన్‌లో టైప్ చేసుకుంది.