మంచులో గుర్తుపట్టే గంట

అనగనగా స్విట్జర్లాండ్‌లో, ఆల్ప్స్ కొండల దిగువన ఒక పల్లె. ఆ పల్లెలో ఒక కంచరి ఉండేవాడు. ఆవుల మెడలో కట్టే గంటలు పోయడం అతని పని. ఎండాకాలం రాగానే కాపరులు మందల్ని కొండమీది పచ్చిక బయళ్లకు తోలుకుపోయేవారు. అక్కడ పట్టపగలే పొగమంచు కమ్ముకునేది. చేతిలో కర్ర కొస కూడా కనపడేది కాదు. అప్పుడు ఆవు జాడ చెప్పేది గంట ఒక్కటే.

ఈ కంచరి పోసిన గంటకు గొంతు బరువు. కంచు మందం, అంచు మొరటు. మోగితే లోయ అడుగు నుంచి ఏదో మూలిగినట్టుండేది. తొలిసారి విన్న పొరుగూరివాళ్లు “ఇది గంటా, బండరాయా?” అని నవ్వారు. కాపరులు మాత్రం మారుమాట లేకుండా కొనుక్కుపోయారు. వంద గంటలు ఒక్కసారి మోగుతున్నా, తమ మంద ఎటుందో ఆ గొంతు చెప్పేది.

కంచరి ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాడు. ఓ ఏడాది గంట నోరు వెడల్పు చేశాడు. మరో ఏడాది రెండు స్వరాలు పలికే వింత గంట పోశాడు. కాపరులు గొణిగారు. కొండెక్కాక చెవి పెట్టి విన్నారు. స్వరం కొత్తదే గాని గొంతు పాతదే. “మన కంచరిదే” అనుకుని నిశ్చింతగా ఉన్నారు.

ఇంతలో అతనికి కష్టాలొచ్చాయి. పెట్టుబడి పెట్టిన షావుకారుతో తగాదా పడ్డాడు. పాత పనివాళ్లు తలో దారి పట్టారు. ఆ చలికాలం పట్నం సంతకు వెళ్తే, రంగు రిబ్బన్లు కట్టిన సన్నటి గంటల్ని జనం ఎగబడి కొంటున్నారు. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లు “మనమూ ఇవే పోద్దాం” అన్నారు. కంచరి సరేనన్నాడు.

ఆ ఏటి గంటలు చూడముచ్చటగా వచ్చాయి. అతని మీద నమ్మకంతో కాపరులు మోగించి చూడకుండానే కొన్నారు. కొండమీద మంచు దిగింది. నాలుగు దిక్కులా గంటలు మోగుతున్నాయి, అన్నీ ఒకేలా. ఏ ఆవు ఎవరిదో తెలియలేదు. చీకటి పడేదాకా వెతికి విసిగిపోయిన ముసలి కాపరి ఒకడు, మర్నాడు కొండ దిగి వచ్చి గంటను కంచరి ముందు పెట్టాడు.

“మోత బాగానే ఉందయ్యా. కాకపోతే అది నీదని నాకు తెలియలేదు” అన్నాడు.

కంచరి ఎదురు చెప్పలేదు. ఆ అచ్చులు పగలగొట్టాడు. అలాంటి గంట మళ్లీ పొయ్యమని ఎవరడిగినా పొయ్యనన్నాడు. చాలా ఏళ్ల తర్వాత, జుట్టు నెరిశాక, విడిపోయిన పాత పనివాణ్ణొకణ్ణి పిలిపించుకుని మునుపెన్నడూ లేనంత బరువైన గంట పోశాడు. మంచులో అది మోగగానే కాపరులందరూ గుర్తుపట్టారు.

నీతి: పనివాడు రూపం మార్చుకోవచ్చు గాని గొంతు వదులుకోకూడదు.

ఇలాంటి కంచరి ఆ దేశంలో నిజంగానే ఉన్నాడు. కాకపోతే అతను పోసింది గంటలు కాదు, పాటలు. పేరు టామ్ గాబ్రియెల్ ఫిషర్. ఎక్స్‌ట్రీమ్ మెటల్ సంగీతం వినేవాళ్లకు టామ్ వారియర్‌గా తెలుసు. హెల్‌హ్యామర్ అనే తొలి బ్యాండ్ ఆగిపోయాక 1984లో మార్టిన్ ఎరిక్ ఐన్‌తో కలిసి కెల్టిక్ ఫ్రాస్ట్ మొదలుపెట్టాడు. ఆ ఏడాదే ‘మార్బిడ్ టేల్స్’, 1985లో ‘టు మెగా థీరియన్’ ఆల్బమ్‌లు వచ్చాయి. ఆ గిటార్ రిఫ్‌లలో ఉన్న బరువు అంతకుముందు ఎవరూ ఎరగనిది. రెండో దాని అట్టమీద స్విస్ చిత్రకారుడు హెచ్.ఆర్. గీగర్ బొమ్మ, లోపల గిటార్ల మధ్య ఫ్రెంచ్ హార్న్. తర్వాత వచ్చిన డార్క్‌థ్రోన్ లాంటి నార్వే బ్లాక్ మెటల్ బ్యాండ్లకు ఈ సంగీతమే బడి.

1987లో వచ్చిన ‘ఇన్‌టు ది పాండెమోనియం’ ఆ దారినీ వదిలింది. వాల్ ఆఫ్ వూడూ అనే న్యూవేవ్ బ్యాండ్ పాటతో మొదలవుతుంది. ఒకచోట డ్రమ్ మెషీన్ మోగుతుంది, మరోచోట ఆర్కెస్ట్రా, ఒపెరా గాత్రం వినిపిస్తాయి. ఇంత మారినా ప్రతి పాటలోనూ అదే చీకటి, అదే బరువు. విన్న క్షణంలో ఎవరిదో తెలిసిపోతుంది.

ఆ ఆల్బమ్ చుట్టూ రికార్డు కంపెనీతో గొడవలు ముదిరాయి, బ్యాండ్ చెదిరిపోయింది. ఫిషర్ కొత్తవాళ్లను చేర్చుకుని 1988లో ‘కోల్డ్ లేక్’ విడుదల చేశాడు. ఐన్ అందులో లేడు. అమెరికాలో అప్పుడు ఊపుమీదున్న గ్లామ్ మెటల్ వేషం, జుట్టు, పాటల తీరు అన్నీ అందులో దిగిపోయాయి. వాయించడం చేతగాక చెడిన ఆల్బమ్ కాదది. ‘సెడ్యూస్ మీ టునైట్’ లాంటి పాట ఆనాటి లాస్ ఏంజిలెస్ బ్యాండ్లలో ఎవరు పాడినా సరిపోయేది. అభిమానుల బాధంతా అక్కడే ఉంది. ‘టు మెగా థీరియన్’ను మరొకరు చేయగలరని ఎవరూ అనుకోరు.

ఫిషర్ తర్వాత దాన్ని సమర్థించుకోలేదు. తన చేతులారా జరిగిన నాశనమని బాహాటంగానే చెప్పాడు. 2017లో పాత ఆల్బమ్‌లను మళ్లీ విడుదల చేసినప్పుడు ‘కోల్డ్ లేక్’ వాటిలో లేదు. అంతకుముందే 2006లో, ఐన్‌తో మళ్లీ కలిసి ‘మోనోథీయిస్ట్’ చేశాడు. పాత వేగం అందులో లేదు; నిదానంగా, నల్లగా, మరింత బరువుగా సాగుతుంది. పాతదాన్ని తిరగరాయకుండానే అది కెల్టిక్ ఫ్రాస్ట్‌లా వినిపించింది.

కాబట్టి ప్రేమించిన బ్యాండ్ కొత్త ఆల్బమ్ నిరాశపరిస్తే, పాతదానిలా లేదని వెంటనే కొట్టిపారేయకండి. అందులో వాళ్లు ఉన్నారా లేరా అని వినండి. ఉంటే ఓపిక పట్టండి, చెవి అలవాటు పడుతుంది. లేకపోతే ఆ ముసలి కాపరిలా మొహమాటం లేకుండా వాళ్లతో చెప్పండి. వాళ్ల గొంతు తెలిసిన మీరు చెబితేనే వాళ్లు నమ్ముతారు.