నీటిబొట్టులోని జీవమును ఎరుగుట హింసయా?

వడకట్టని నీరు త్రాగరాదను నియమము గల ఇండ్లలో పెరిగినవారికి నీటిబొట్టులో జీవములున్నవను మాట క్రొత్త కాదు. ఆ జీవములను వెదకుచు కొందరు శాస్త్రజ్ఞులు ఓడలెక్కి నడిసముద్రమునకు పోవుట మాత్రము క్రొత్త. అట్టివారిలో మను ప్రకాశ్ ఒకరు. ఆయన మీరట్‌లో జన్మించి, 2002లో కాన్పూరు ఐ.ఐ.టి.లో పట్టము పొంది, పిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున బయో ఇంజనీరింగు ఆచార్యులైరి. కాగితమును మడిచి చేయు ఫోల్డ్‌స్కోప్ అను సూక్ష్మదర్శినిని ఆయన బృందము 2014లో లోకమునకు వెల్లడించినది. దాని విడిభాగములకగు ఖర్చు ఒక డాలరు లోపే. బడిపిల్లవాడు సైతము చెరువు నీటిలోని ప్రాణిని కన్నులార చూడగలుగుట చిన్న సంగతి కాదు.

అయితే చూడవలెనన్న పట్టవలెను. పట్టినది తరచుగా చచ్చును. తెలుసుకొనుటకై జరుగు ఈ హింసను ఏ పద్దున వ్రాయవలెను?

గృహస్థుని హింసను పెద్దలు నాలుగు విధములుగా విభజించిరి: సంకల్పి, ఆరంభి, ఉద్యోగి, విరోధి. వర్తకుని కొట్టులో తెలియక జరుగునది ఉద్యోగి హింస. పరిశోధకుని పనియు జీవనోపాధియే గనుక అదియు ఉద్యోగియే యని కొందరందురు. ఈ మాట అంత సులువుగా ఒప్పుకొనదగినది కాదు. ధాన్యపు బస్తాలో పురుగు చచ్చుట వర్తకుడు కోరినది కాదు. పరిశోధకుడు ఆ జీవినే కోరి వల వేయుచున్నాడు. మరియొక వైపు, అతడు కోరినది దాని చావు కాదు, దాని నడక. కావున రెండు పద్దులలోను ఇది సరిగా ఇమడదు.

తత్త్వార్థసూత్రము హింసను ప్రమాదముతో, అనగా ఏమరుపాటుతో, ముడిపెట్టినది. అచ్చట నుండి చూచినచో చేతికి ఒక కొలబద్ద దొరకును. క్రెయిగ్ వెంటర్ బృందము 2003లో సార్గాసో సముద్రపు నీటిని సన్నని జల్లెడలగుండ పోనిచ్చి, వాటిపై నిలిచిన సూక్ష్మజీవుల జన్యుపదార్థమును వేరుచేసినది. పన్నెండు లక్షలకు పైగా క్రొత్త జన్యువులు తెలియవచ్చినవని 2004లో ప్రకటించిరి. అది గొప్ప పనియే. కాని ఆ జీవులలో ఒక్కటియు బ్రదికియుండగా ఏమి చేయునో దాని వలన తెలియలేదు. ప్రకాశ్ బృందము 2020లో ప్రకటించిన యంత్రము వేరు తీరున నడచును. నీటితో నిండిన చక్రములో జీవిని ఉంచుదురు. అది పైకి ఈదినను క్రిందికి దిగినను చక్రము అందుకు తగినట్లు తిరుగును. జీవికి గోడ తగలదు. నిలువున ఎంత దూరమైనను తన ఇచ్చవచ్చినట్లు పోవుచునే యుండును. దానిని నొక్కిపట్టు పని లేదు. హవాయి సమీపమున ఓడపై ఇట్లు చూడగా, పైరోసిస్టిస్ అను ఏకకణజీవి పది నిమిషములలోగా ఆరింతలు ఉబ్బి, తేలికయై వెలుగు వైపు లేచుట కనబడినది. చచ్చిన కణము ఈ సంగతి చెప్పగలదా?

తెలియనివానికి దోషము తక్కువ గదా, ఇంత తెలుసుకొననేల యని అడుగువారు కలరు. వర్తకులకు ఈ వాదము నప్పదు. తక్కెడ తప్పని తెలియదన్నవాడు దానిని సరిచూడకుండుటయు ఒక ఏమరుపాటే. సముద్రములో చచ్చిన సూక్ష్మజీవులు మంచువలె అడుగునకు రాలుచు బొగ్గుపదార్థమును లోతునకు చేర్చును. ఈ రాలుడును పెంచి, ఆ లెక్కను కార్బన్ పత్రములుగా అమ్మవలెనను వ్యాపారములు బయలుదేరినవి. గల్ఫ్ ఆఫ్ మెయిన్‌లో ప్రకాశ్ బృందము పట్టిచూచిన ఆ రేణువులకు కంటికి కనబడని జిగురుతోకలు ఉన్నవనియు, వాటి వలన అవి పై నూరు మీటర్లలో రెట్టింపు కాలము నిలుచుననియు 2024లో తేలినది. ఆ తోకను చూడనివారు లోతునకు చేరని సరకునకు రసీదు వ్రాసియుందురు.

ఇంత చెప్పినను పట్టిన జీవి ఋణము తీరలేదు. నీరు వడకట్టినవారు బట్టపై నిలిచిన జీవాణిని ఏ బావి నీరో ఆ బావికే చేర్చుదురు; పైనుండి పారబోయక, అడుగున కొక్కెముగల చేదను నీటివరకు దింపి అచ్చట ఒలికింతురు. నూరు మీటర్ల లోతునుండి తెచ్చిన జీవిని ఓడ అంచునుండి జారవిడిచినచో అది తన ఇంటికి చేరినట్లా? కుళాయి నీరు వడకట్టుచున్న మన ఇండ్లలోను ఇదే చిక్కు వచ్చిపడినది: ఆ నీరు వచ్చిన ఏరు ఎచ్చటనో నలుబది మైళ్ల దూరమున నున్నది, బట్ట చేతిలో నున్నది.